అగ్గిపెట్టెలో బంగారం

శ్రీకాకుళం,
ఆదివారం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది, కోప్పడకురా. నాట్లు, ఆపైన అమ్మ కంటి ఆపరేషన్. ఇప్పుడు బాగానే చూస్తోంది. చెల్లి సంబంధం ఇంకా మాటల్లోనే ఉంది. అవన్నీ తర్వాత.

నాగావళి ఇసకలో మెరిసే రేకులు బంగారమనుకుని ఏరి అగ్గిపెట్టెలో దాచాం, గుర్తుందా? మీ నాన్నగారు చూసి అన్న మాట ఇక్కడ రాయను గానీ, మొన్న గరివిడిలో అదే గుర్తొచ్చింది.

గనుల్లో చేసి రిటైరైన మా చిన్నమావయ్య, బీరువాలోంచి గుడ్డలో చుట్టిన రాయి తీసి నా చేతిలో పెట్టాడు. జపాన్‌లోని హిషికరి గనిదట. తెల్ల చార, నల్ల చార, మళ్లీ తెల్లది, ఉల్లిపాయ కోసినట్టు పొరలు. బంగారం ఆ నల్ల చారల్లోనే ఉంటుందట. భూతద్దం పెట్టినా పసుపు కనబడలేదు!

ఎలా వచ్చిందో విను. అగ్నిపర్వతం కింద శిలాద్రవం వేడికి, భూమిలోకి ఇంకిన వాననీళ్లు 200, 300 డిగ్రీలకి కాగుతాయి. పైనున్న బరువుకి మరగలేవు. బంగారం మామూలు నీళ్లలో కరగదు గానీ, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గంధకపు వాయువు ఆ నీళ్లలో ఉంటే దాన్ని పట్టుకుని కరుగుతుంది. ఆ నీళ్లు పగుళ్లలోంచి పైకొస్తుంటే ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా మరుగుతాయి. మన స్కూలు గేటు దగ్గర గోళీసోడా కొడితే గ్యాసు ఎగిరిపోయేది చూడు, అచ్చం అలాగే. గ్యాసు పోయాక బంగారానికి పట్టు ఉండదు, గోడకి అంటుకుపోతుంది. మళ్లీ మరిగితే ఇంకో పొర. న్యూజిలాండ్‌లో వేడినీటి బావుల గొట్టాల్లో, ఒత్తిడి పడిపోయే చోట పట్టిన పొలుసులో బంగారం దొరికిందిరా! మన కళ్లముందే జరుగుతోందన్నమాట.

ఆ జపాన్ గనిలో టన్ను రాయికి 30, 40 గ్రాముల బంగారం వచ్చేదట. చాలా గనుల్లో నాలుగైదు గ్రాములొస్తేనే గొప్ప.

"మరి మన కొండల్లో?" అనడిగాను. మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఇలాంటి బంగారం కిలోమీటరు, ఒకటిన్నర లోతులోపలే పుడుతుందట. మన కొండల రాయి ఒకప్పుడు 20 కిలోమీటర్లకు పైగా లోతున ఉడికింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయింది. ఉన్నా ముందు పోయేది అదే. దిగులేసిందిరా, ఎందుకో చెప్పలేను. కోలార్ సంగతి వేరు, ఆ లావాలు 270 కోట్ల ఏళ్ల నాటివి, బంగారం వచ్చిన దారి కూడా... అది కలిసినప్పుడు.

సిరిమానుకి రా. విజయనగరం నుంచి గరివిడి వెళ్దాం, ఆ రాయి నువ్వూ పట్టుకుని చూడాలి. అగ్గిపెట్టె నీ దగ్గరే ఉందిగా, తీసుకురా.

అన్నయ్య బండి హారన్ కొడుతున్నాడు, ఇది వాడి చేతికే ఇస్తున్నా. అయ్యో, పాపువా న్యూగినీలోని లిహిర్ దీవి గురించి చెప్పనేలేదు, అక్కడైతే ఏకంగా అగ్నిపర్వతం నోట్లోనే గని, రాయి ఇంకా వేడిగానే