జాగ్రఫీ ఒక గదిలో, బిజినెస్ ఇంకో గదిలో

ఎడిటర్ గారికి,

నమస్కారం. డిగ్రీ అడ్మిషన్ల సీజన్‌లో ఏ కోర్సుకు ఎంత గిరాకీ ఉందో మీ పేపర్‌లో వార్తలు వస్తుంటాయి. వాటిలో జాగ్రఫీ పేరు కనిపించడమే అరుదు. నేను యూనివర్సిటీ డిగ్రీలో జాగ్రఫీ మేజర్‌గా, బిజినెస్ మేనేజ్‌మెంట్ మైనర్‌గా ఫైనలియర్ చదువుతున్నాను. ఈ మాట చెప్పగానే చుట్టాలు అడిగేది ఒకటే: "గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నావా అమ్మా?" కాదంటే, "మరి దీంతో ఏం ఉద్యోగం వస్తుంది?" అంటారు. వాళ్లననడానికి ఏమీ లేదు. ఈ రెండూ కలిస్తే ఏం చేయొచ్చో మాకే ఎవరూ చెప్పలేదు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్న వనామీ రొయ్యల సాగు చేస్తారు. ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో ప్రతిపాదించిన పరిశ్రమల స్థాన సిద్ధాంతం మాకు పాఠం. తయారీలో బరువు తగ్గిపోయే ముడిసరుకైతే ఫ్యాక్టరీని దాని దగ్గరే పెడతారు. బోర్డు మీద త్రిభుజం గీసి, బొగ్గు, ఇనుము ఉదాహరణ చెప్పారు. పరీక్షలో అదే రాశాం. రొయ్యకు తల తీసేస్తే బరువులో మూడో వంతు దాకా పోతుంది, ఐస్ లేకపోతే గంటల్లో పాడవుతుంది. మా చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఎందుకున్నాయో అంతకంటే వివరం అక్కర్లేదు. అటు బిజినెస్ క్లాసులో, సరుకును మార్కెట్‌కు చేర్చడం గురించి ఒక యూనిట్ మొత్తం మ్యాప్ అనేది చూపించకుండానే అయిపోయింది. పైగా జాగ్రఫీ ప్రాక్టికల్స్, ఈ క్లాసు ఒకే టైమ్‌కి పడేవి. ఏదో ఒకటి వదులుకోవాలి.

ప్రాజెక్టుకు మాత్రం నేను పట్టుబట్టి మా ఊరి చెరువులే తీసుకున్నాను. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, రోడ్లు, డ్రెయిన్ల మీది వంతెనలు మ్యాప్ చేశాను. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, గట్టు దాకా లారీ వస్తే సరుకు అక్కడే తూకం వేసి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) చూసి, ఎక్కించేస్తారు. వంతెన ఇరుకైతే లారీ అవతలే ఆగిపోతుంది. ట్రేలన్నీ ఆటోల్లో తరలించాలి, ఈలోగా ఐస్ కరిగిపోతుంది, మళ్లీ కొనాలి. కౌంట్ ఒకటే, రేటూ ఒకటే, కానీ ఆ రైతు చేతికొచ్చేది తక్కువ. మ్యాప్ మీద ఆ చెరువులకు వేరే రంగు వేసి, పక్కన కిలోకు పడే అదనపు ఖర్చు రాశాను. నాన్న దాన్ని చాలాసేపు చూసి, "ఇది పంచాయతీలో చూపించాలమ్మా" అన్నారు. ఇంటర్నల్ మార్కులు వేసిన సార్ మాత్రం బైండింగ్ బాగాలేదన్నారు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మా చెరువు గట్టు మీద అందరికీ టెన్షనే. కొనేది ఎక్కువగా ఆ దేశమే కాబట్టి ఇక్కడ రేటు కదిలిపోయింది. జాగ్రఫీ, బిజినెస్ కలిపి చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? మాకు ఆ వారం కూడా సిలబస్సే నడిచింది.

మన దగ్గర వనరులు లేవని కూడా కాదు. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో మ్యాపులు చూపించే ఇస్రో భువన్ పోర్టల్ 2009 నుంచి అందుబాటులో ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు సడలించాక ప్రైవేటు కంపెనీలకూ దారి సులువైంది. గోడౌన్ ఎక్కడ పెట్టాలి, డెలివరీ ఏ రూట్లో వెళ్లాలి అనేవి రోజూ ఎవరో ఒకరు తేల్చాల్సిన లెక్కలే. మా కాలేజీ ల్యాబులో పనిచేసే కంప్యూటర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను నేర్చుకున్నదంతా ఇంట్లో అన్నయ్య పాత ల్యాప్‌టాప్ మీదే.

ఉన్నత విద్యామండలి వారిని అడిగేది పెద్ద కోరికేం కాదు. మేజర్, మైనర్ రెండు డిపార్ట్‌మెంట్ల సార్లూ కలిసి దిద్దే ప్రాజెక్టు ఒకటి పెట్టండి. ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి చేశారు కదా, మమ్మల్ని సర్టిఫికెట్ల కోసం ఎవరో ఒకరి ఆఫీసులో కూర్చోబెట్టే బదులు మార్కెట్ యార్డులకు, ఆర్టీసీ డిపోలకు, కాకినాడ, విశాఖ పోర్టులకు పంపండి. ఏ రూట్లో బస్సు వేస్తే నష్టం రాదో డిపో మేనేజర్ దగ్గర నెల రోజులు నేర్చుకోవడానికి మాలో చాలామంది సిద్ధంగా ఉన్నాం. టైమ్‌టేబుల్లో ఆ రెండు క్లాసులూ ఒకే గంటకు పడకుండా చూస్తే మా జూనియర్లకైనా కాస్త వెసులుబాటు.

— ఒక డిగ్రీ విద్యార్థిని,
పశ్చిమ గోదావరి జిల్లా