సుబ్బూ, మీ కుక్క భీముడికి టీకా సూదులు మానొద్దు

పెరంబూరు, చెన్నై
నవంబరు 20

ఒరేయ్ సుబ్బూ,

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట నాలుగు రోజులుగా నా చెవిలోనే ఉంది. "మీ పండుగాడికి జరిగింది విన్నాక భయమేసిందిరా, మా భీముడికి ఈ ఏడు సూదులేవీ వేయించను, పోయినేడు వేసినవి చాల్లే" అన్నావు. నేను జవాబు చెప్పేలోపే మీ పాలవాడు వచ్చాడు, ఫోన్ పెట్టేశావు. ఫోన్లో నేను సగం చెప్పాను, నువ్వు పావు విన్నావు. తప్పు నాదే. మొదలుపెట్టినవాణ్ణి చివరిదాకా చెప్పాల్సింది. అందుకే ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు, మధ్యలో పక్కన పెట్టకు.

జరిగింది ఇదీ. అక్టోబరు మొదట్లో నేను పని మీద హైదరాబాదులో ఉన్నాను. మా కుక్క పండుకి ఏడాది టీకా సూదుల గడువు దగ్గరపడిందని లలిత మా వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళి నైన్ ఇన్ వన్ అని పలు జబ్బులకి కలిపి వేసే సూది, రేబిస్ సూది రెండూ వేయించింది. టీకాల బుక్కు ఇంట్లో మర్చిపోయింది. వాళ్ళు కొత్త బుక్కు ఇచ్చి, సీసా మీద ఉండే చిన్న స్టిక్కర్లు పీకి అందులో అంటించారు. ఆ కొత్త బుక్కు లలిత హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండిపోయింది. అదే బ్యాగుతో వాళ్ళ చెల్లెలి పురిటికి గూడూరు వెళ్ళింది. నేను తిరిగొచ్చాను. పదిహేడు రోజుల తర్వాత మా అపార్టుమెంటు సెల్లార్లో టీకాల క్యాంపు పెట్టారు. బీరువాలో పాత బుక్కు దొరికింది, తీశాను. చివరి స్టిక్కరు పోయినేడాదిది. క్యాంపు డాక్టరు చూశాడు, గడువు దాటిందన్నాడు, రెండూ మళ్ళీ వేశాడు. ఆయన తప్పేం లేదు, బుక్కులో ఏముంటే అదే చూస్తాడు కదా.

సాయంత్రం లలితకి ఫోన్ చేసి "పండుగాడి సూదులు అయిపోయాయి, నీకో పని తగ్గింది" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "అయ్యో, నేను వేయించేశాను కదండీ" అంది. నా కాళ్ళలో వణుకొచ్చిందిరా. తొమ్మిది కిలోల కుక్క వాడు. మనం తప్పు చేస్తే నోరు తెరిచి చెప్పుకోలేడు.

ఆ రాత్రి వాడు పెరుగన్నం ముట్టలేదు. ఒళ్ళు వేడిగా ఉంది. మెడ వెనక సూది వేసినచోట ఉసిరికాయంత గడ్డ కట్టింది. అమ్మ వాడి పక్కనే కూర్చుని "పులుసులో ఉప్పు రెండుసార్లు పడితే నీళ్ళన్నా పోయొచ్చు, ఒంట్లోకి పోయినదాన్ని ఏం చేస్తాం నాయనా" అని కళ్ళు తుడుచుకుంది. మన జ్వరం బిళ్ళ సగం విరిచి పెడదామంది కూడా. పెట్టనివ్వకపోవడం ఆ రాత్రి నేను చేసిన ఒకే ఒక మంచిపని. ఇది గుర్తుంచుకో సుబ్బూ. మనం వేసుకునే జ్వరం బిళ్ళలు, నొప్పి బిళ్ళలు డాక్టర్ని అడక్కుండా కుక్కకి పెట్టకూడదు. ఐబుప్రోఫెన్‌తో వాటి కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ కూడా వాటికి ప్రమాదమే. రెండో టీకా కంటే ఆ సగం బిళ్ళే వాడికి ఎక్కువ చేటు చేసినా చేసేది.

రాత్రి పదకొండింటికి మాకు తెలిసిన డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన నన్ను తిట్టలేదు, కంగారూ పడలేదు. వరసగా అడిగాడు. మొహం వాచిందా? కళ్ళు మూసుకుపోయాయా? ఒళ్ళంతా దద్దుర్లు లేచాయా? వాంతులు, విరేచనాలు అవుతున్నాయా? ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడుతున్నాడా? పెదవి ఎత్తి చిగుళ్ళు చూడమన్నాడు, గులాబీ రంగులోనే ఉన్నాయి. "అయితే తెల్లారేదాకా నిద్రపోనివ్వండి, నీళ్ళు అందుబాటులో పెట్టండి. ఇందాక చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి" అన్నాడు. నేను రాత్రంతా టార్చి వేసి ఆ చిగుళ్ళు చూస్తూనే ఉన్నాను.

పొద్దున్నే ఆటోలో వేపేరి వెళ్ళాం, మద్రాసు వెటర్నరీ కాలేజీకి. 1903లో మొదలైన కాలేజీ అది. ఆసుపత్రి ఓపీలో ఎంత పొద్దున వెళ్ళినా మనకంటే ముందొచ్చినవాళ్ళు ఉంటారు. ఒళ్ళో పిల్లిని పెట్టుకున్న ముసలావిడ, తాడు పట్టుకుని మేకతో ఒక పెద్దాయన, మా పండు. అక్కడ లేడీ డాక్టరు వాణ్ణి చూసి, పాత బుక్కూ, లలిత ఫోన్లో పంపిన కొత్త బుక్కు ఫోటో పక్కపక్కన పెట్టుకుని, అరగంట సేపు మాట్లాడింది. ఆవిడ తమిళంలో చెప్పింది నాకు అర్థమైనంతవరకు నీకు చెబుతాను.

టీకా బిళ్ళలాంటిది కాదు. బరువుని బట్టి కొలిచి వేసేది కాదు. నీ భీముడికైనా, మా పండుకైనా, దూడంత గ్రేట్ డేన్‌కైనా వేసేది అదే ఒక్క మిల్లీలీటరు. అందుకని రెండుసార్లు పడితే మందు మోతాదు రెట్టింపయినట్టు కాదు. నైన్ ఇన్ వన్‌లో పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బులవి బలం తగ్గించిన బతికున్న వైరస్‌లు. మొదటి టీకాతో వాడి రక్తంలో యాంటీబాడీలు అప్పటికే ఉన్నాయి. రెండోసారి వెళ్ళిన వైరస్‌ని అవి వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టి తుడిచేస్తాయి. రేబిస్ టీకా చంపిన వైరస్‌తో చేసింది, అది పెరగలేదు. అందులో టీకా బాగా పనిచేయడానికి కలిపే పదార్థం వల్లే ఆ గడ్డ, ఆ నలత. ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, గడ్డ కరగడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, అది తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం చూపించాలి అంది.

నాకు ఎక్కువ ధైర్యమిచ్చిన మాట ఇంకోటి. "కుక్కపిల్లలకి మేం వేస్తున్నదే ఇది కదా" అంది. నిజమే సుబ్బూ, ఆలోచించు. భీముడు పిల్లగా ఉన్నప్పుడు ఆరేడు వారాల నుంచి మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా అదే టీకా మళ్ళీ మళ్ళీ వేయించావు. తల్లిపాలతో వచ్చిన యాంటీబాడీలు ఉన్నన్నాళ్ళు టీకా పట్టదు, అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది, అందుకే అన్నిసార్లు. ఇంకోటి, వీధికుక్క కరిచిన పెంపుడు కుక్కకి మనుషులకి వేసినట్టే సున్నా, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజు అని నెలలో ఐదు రేబిస్ సూదులు మన డాక్టర్లు వేస్తుంటారు. మా వాడికి పడింది రెండు.

అలాగని అసలు ప్రమాదమే లేదని ఆవిడ అనలేదు, నేనూ అనను. ఏ టీకాకైనా, అది మొదటిదైనా పదోదైనా, కొన్ని కుక్కలకి అలర్జీ వస్తుంది. అమెరికాలో పన్నెండు లక్షల కుక్కల వివరాలు చూసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. టీకా వేసిన మూడు రోజుల్లో ఏదో ఒక ఇబ్బంది కనిపించినవి 10,000కి 38. అందులో చిన్న కుక్కలకి ఎక్కువ, ఒకే రోజు వేసిన సూదుల సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువ. నాకు ఇందులో తెలిసిందేమిటంటే, నేను భయపడాల్సింది పదిహేడు రోజుల తేడాతో రెండోసారి వేసినందుకు కాదు. తొమ్మిది కిలోల కుక్కకి ఒకే రోజు అన్నీ వేయించి వెంటనే ఇంటికి లాక్కొచ్చినందుకు. ఇకమీదట నైన్ ఇన్ వన్ ఒకసారి, రేబిస్ మూడు వారాల తర్వాత వేయిస్తాను, వేసినచోటే అరగంట కూర్చుంటాను. పెద్ద అలర్జీ వస్తే చాలావరకు నిమిషాల్లో, లేదా కొన్ని గంటల్లోనే వస్తుంది. ఇంతకుముందు టీకాకి మొహం వాచిన కుక్క అయినా, తన రక్తకణాల్ని తనే చంపుకునే జబ్బు ఉన్న కుక్క అయినా సంగతి వేరు. వాటికి ప్రతి సూదీ డాక్టరు ఆలోచించి వేయాల్సిందే.

ఒక పొరపాటు మాత్రం నిజంగా పరుగెత్తాల్సినది. కెన్నెల్ కాఫ్‌కి ముక్కులో చుక్కలుగా వేసే టీకా ఉంటుంది. అది పొరపాటున చర్మం కిందకి సూదిగా వెళితే అక్కడ పుండు పడొచ్చు, లివర్ కూడా దెబ్బతినొచ్చు. వెంటనే డాక్టరు చూడాలి. భీముడికి అది వేయించవులే, అయినా తెలిసుండాలి.

ఇక నీ సంగతికొస్తాను. నీ భయం మా పండు వల్ల పుట్టింది కాదురా. మూడో తరగతిలో కోమట్ల బావి దగ్గర నిన్ను కుక్క కరిచింది. పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు. రోజూ మీ నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళేవాడు, నువ్వు మా అరుగు ముందు నుంచి ఏడుస్తూ పోయేవాడివి. పద్నాలుగో సూది అయిన రోజు మీ అమ్మ నాకు కూడా అరిసెలు పెట్టింది. ఆ టీకా గొర్రె మెదడుతో చేసేవాళ్ళు. 1911లో కసౌలిలో సెంపుల్ అనే డాక్టరు తయారుచేసిన పద్ధతి అది. దానివల్ల కొద్దిమందికి కాళ్ళు చేతులు పడిపోవడం కూడా నిజంగానే జరిగింది. సూదులు ఎక్కువైతే ఏదో అవుతుందని మన పెద్దవాళ్ళు అనుకున్నారంటే ఊరికే అనుకోలేదు. కానీ 2005 నాటికి మన దేశంలో ఆ టీకా ఆగిపోయింది. ఇప్పుడు వేసేది కణాల్లో పెంచి చంపిన వైరస్‌తో చేసింది, అందులో మెదడు ముక్క లేదు. అప్పటి సూది భయం ఇప్పటి సూదికి తగిలించకు.

భీముడు మా పండులా బాల్కనీలో ఉండడు. రోజంతా మీ వరి మళ్ళలో, గట్ల మీద తిరుగుతాడు, రాత్రి పంపుసెట్టు దగ్గర పడుకుంటాడు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో లెప్టో అనే జబ్బు క్రిములుంటాయి. అవి కుక్క కిడ్నీల్ని, లివర్‌ని తినేస్తాయి, వాడి మూత్రం నుంచి మీకూ అంటుకోవచ్చు. ఈ వానల్లో ఇక్కడ వీధులన్నీ మునిగినప్పుడు మా డాక్టర్లు చెప్పేది అదే. పార్వో, డిస్టెంపర్ టీకాలు పెద్ద కుక్కలకి మూడేళ్ళకోసారి చాలని ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం (WSAVA) మార్గదర్శకాలే చెబుతున్నాయి. అవి ఒక ఏడు ఆలస్యమైతే నేను నీతో పోట్లాడను. కానీ అదే నైన్ ఇన్ వన్ సూదిలో ఉండే లెప్టో రక్షణ ఏడాదికి మించి నమ్మలేం. రేబిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు, లక్షణాలు కనిపించాక దానికి మందు లేదు. మీ చిన్నారి భీముడి మెడ కౌగిలించుకుని పడుకుంటుంది కదరా.

సూది ఒకటి ఎక్కువ పడితే ఒక రోజు నలత. ఒకటి తక్కువ పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మీ మండలం పశువుల ఆసుపత్రిలో జూలై 6న రేబిస్ సూది ఉచితంగా వేస్తారు, పోయినసారి నువ్వు అక్కడే వేయించానన్నావు. పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేసిన రోజది. ఈ ఏడు ఆ రోజు దాటిపోయింది, వచ్చే జూలై దాకా ఆగకు. శనివారం వెళ్ళు. బుక్కు పట్టుకెళ్ళు, స్టిక్కరు అంటించారో లేదో, తేదీ రాశారో లేదో నీ కళ్ళతో చూసుకో. ఇంటికొచ్చాక ఆ పేజీ ఫోటో తీసి నాకూ, మీ ఆవిడకీ, మీ తమ్ముడికీ పంపు. మేమిప్పుడు అదే చేస్తున్నాం. పండు బుక్కు ఫోటో ఇంట్లో నాలుగు ఫోన్లలో ఉంది. పాత బుక్కూ కొత్త బుక్కూ కలిపి దారంతో కుట్టేస్తానంది లలిత, ఊరి నుంచి వచ్చాక. వాడి తర్వాతి గడువు రెండోసారి వేసిన తేదీ నుంచి లెక్కపెట్టమన్నారు, అది కేలెండర్ మీద అమ్మే ఎర్ర పెన్నుతో రాసింది.

పండుగాడి గడ్డ పన్నెండో రోజుకి పూర్తిగా కరిగిపోయింది. రెండోరోజు సాయంత్రానికే అమ్మ చేతి ముద్ద తిని, కింద చెత్తబండి విజిల్ వినగానే మొరిగాడు. ఆ మొరుగుడికి అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మరదలికి పాప పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. లలిత వచ్చే వారం వస్తుంది. సంక్రాంతికి మేం అందరం మీ ఊరు వస్తున్నాం, పండు కూడా. భీముడికి సూదులు పడకపోతే మావాణ్ణి వాడి దగ్గరికి రానివ్వనని చిన్నారితో చెప్పు, అది నిన్ను వదలదు.

శనివారం సాయంత్రం నీ ఫోటో కోసం చూస్తుంటాను.

నీ
రాఘవ