మా బంతికి పురుడు పోసిన ఆవిడకు

బంతి ఇప్పుడే నిద్రపోయింది. మూడు రాత్రులుగా నాకు సరిగ్గా కంటి మీద కునుకు లేదు. ఎక్కడైనా తప్పులుంటే మన్నించండి. రేపు రాద్దామనుకుంటే మళ్ళీ ఆఫీసు, వంట, పాప స్కూలు హడావుడిలో పడిపోతాను. అందుకే ఇప్పుడే కూర్చున్నాను.

బంతి మా పాప పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్. మన ఊళ్ళలో కంచెల మీద తల ఊపుతూ కూర్చునే తొండలూ ఇవీ ఒకే కుటుంబం. పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో పిల్లలు పెంచుతారు. ఒంటి రంగు బంతిపూవులా ఉందని పాప ఆ పేరు పెట్టింది. రెండేళ్ళు నిండాయి.

రెండు వారాలుగా తిండి తగ్గించేసింది. అద్దాల పెట్టె మూలల్లో ముందుకాళ్ళతో ఒకటే గీకుడు. పొట్టకు రెండు పక్కలా లోపల గోళీలు ఉన్నట్టు ఎత్తుగా కనిపించసాగింది. మగది లేకుండా గుడ్లేమిటి అనుకున్నాం. కోడిలాగే ఇవి కూడా మగది లేకుండానే గుడ్లు పెడతాయట. ఒక్కో విడతకు ఇరవై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెట్టవచ్చట. పెట్టాలంటే సొరంగం తవ్వుకునేంత లోతుగా తడిమట్టి కావాలి. అది దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని అమ్మిన దుకాణంలో మాకు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. దీపాలు, రాళ్ళు, గిన్నెలు మాత్రం అన్నీ అంటగట్టారు.

గురువారం సాయంత్రం నీళ్ళగిన్నె పక్కన టైలు మీద మూడు గుడ్లు పెట్టి ఆగిపోయింది. కళ్ళు లోపలికి పోయాయి. ముందుకాలి వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. పట్టుకుని ఎమర్జెన్సీ పశువుల ఆసుపత్రికి పరిగెత్తాం. అన్ని రకాల పెంపుడు జంతువులనూ 24 గంటలూ చూస్తామని బయట పెద్ద బోర్డు ఉంది. నలభై నిమిషాలు కూర్చోబెట్టి, ఇలాంటి జీవులను చూసే డాక్టరు రాత్రిళ్ళు ఉండరని చెప్పారు. మరో రెండు చోట్ల ఫోన్‌లోనే కాదన్నారు. ఇంకోచోట తొమ్మిది రోజుల తర్వాత అపాయింట్‌మెంట్ ఇస్తామన్నారు. తొమ్మిది రోజులు!

కారులో పాప ఏడవలేదు. బంతిని స్వెటర్ లోపల పెట్టుకుని అలాగే కూర్చుంది. ఏడ్చినా నాకు అంత కష్టంగా ఉండేది కాదేమో.

ఆ టైములో ఒక నంబరు దొరికింది. చేసేటప్పటికి రాత్రి పది దాటింది. ఫోన్ ఎత్తిన ఆవిడ మేమెవరో కూడా అడగలేదు. ఎన్ని పెట్టింది, వణుకు ఎప్పటినుంచి, తవ్వుకోవడానికి ఏముంది అని మూడే ప్రశ్నలు. తవ్వడానికి ఏమీ లేదన్నాను. "మీ అడ్రస్ చెప్పండి, నేను బయల్దేరుతున్నాను. ఈలోపు దాన్ని వెచ్చగా ఉంచండి. మాటిమాటికీ వెళ్ళి చూడకండి" అన్నారు.

ఫోర్ట్‌వర్త్ అవతలి నుంచి, గంటకు పైగా నడుపుకుంటూ వచ్చారు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. కారులో పక్కసీటు మీద ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి, కదలకుండా దానికి సీటు బెల్టు. సాయం పడదామని తొట్టి మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. ఫిబ్రవరి రాత్రి, బయట ఎముకలు కొరికే చలి. మట్టి చల్లగా ఉంటే ఇది తవ్వదని, దారి పొడుగునా హీటర్ ఫుల్‌గా పెట్టి, గాలంతా తొట్టి మీదికి తిప్పి వచ్చారట. ఆవిడ చొక్కా వీపంతా చెమటకు తడిసి అంటుకుపోయి ఉంది.

అది చూశాక నాకు దుఃఖం ఆగలేదు. ఈ దేశంలో నా కాన్పుకు మా అమ్మ రాలేకపోయింది, వీసా రాలేదు. అప్పుడు పళ్ళబిగువున ఆపుకున్నదంతా ఆ రాత్రి మా డ్రైవ్‌వేలో బయటికొచ్చేసింది. ఆవిడ తొట్టి కింద పెట్టి, నా భుజం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత, "పదండి, మట్టి చల్లారిపోతుంది" అన్నారు.

మట్టీ ఇసుకా కలిపి తెచ్చారు. పిడికిట నొక్కితే ముద్ద నిలవాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. అడుగు లోతు ఉంది. ఒక మూల తన చేత్తోనే సొరంగానికి మొదలు తీశారు. బంతిని ముందు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, తర్వాత తొట్టిలో దింపి, ఒక పక్కన దీపం పెట్టి, చుట్టూ తువ్వాలు కప్పి మమ్మల్నందరినీ గదిలోంచి పంపేశారు. ఎవరైనా చూస్తుంటే అది పెట్టదట.

అప్పుడే అడిగారు, బంతి పెట్టెలో ఎండకు బదులుగా అతినీలలోహిత కిరణాలిచ్చే ఆ యూవీబీ ట్యూబ్ ఎప్పుడు మార్చారని. కొన్న దగ్గర్నుంచి మార్చలేదు. వెలుగు బాగానే వస్తోంది కదా అనుకున్నాం. కానీ ఏడాది తిరిగేసరికి కంటికి కనిపించని ఆ కిరణాలు తగ్గిపోతాయట. అవి లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటబట్టదు. దానికి తోడు నేను రోజూ పాలకూర, తోటకూర తరిగి పెట్టాను, మంచి ఆకుకూరలే కదా అని. వాటిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి అందనివ్వవు. ఇదంతా నా నోటితో చెప్తుంటే తల ఎత్తలేకపోయాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పాప వైపు తిరిగి, "నా మొదటిది ఇలాగే పోయింది. నాకు అప్పుడు వణుకు కనిపించలేదు. నువ్వు చూశావు" అన్నారు.

నన్ను పడుకోమని చెప్పి ఆవిడ కారిడార్‌లో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నారు. ఒకటిన్నర దాటాక లోపల్నుంచి మట్టి రాలుతున్న చప్పుడు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మూడింటికి బంతి ముక్కు నిండా మట్టితో బయటికొచ్చి, కాళ్ళతో గొయ్యి మళ్ళీ పూడ్చింది. పదిహేడు గుడ్లు! తెల్లగా, మెత్తటి పెంకుతో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

లోపల ఇంకా ఉండవచ్చని ఆవిడ తెల్లారేదాకా కదల్లేదు. ఏడింటికి తనకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఇరవై నిమిషాలు లైన్లో ఉండి, పదింటికి టైము ఇప్పించారు. ఎక్స్‌రేలో ఇంకో రెండు కనిపించాయి. రక్తంలో కాల్షియం బాగా పడిపోయింది. ఇంజెక్షన్, సెలైన్ ఇచ్చారు. శనివారం సాయంత్రం ఆ రెండూ అదే తొట్టిలో పెట్టింది. ఆపరేషన్ దాకా పోలేదు.

ఆవిడ డబ్బులు తీసుకోలేదు. రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగి, డబ్బాలో పెట్టిన పులిహోర మాత్రం తీసుకెళ్ళారు. పేరు రాయొద్దన్నారు, రాయను. అమ్మా, మీకు తెలుగు రాదు, ఇది మీరు చదవలేరు. పాప చేత ఇంగ్లీషులో రాయించి పంపుతాను. కానీ నా మనసులో ఉన్నది నా భాషలోనే చెప్పగలను. మీ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, మీరు కంగారు పడతారని ఆగాను.

మా వారు, అత్తయ్యగారు నాతో పాటే మేలుకున్నారు, వాళ్ళకు వేరే చెప్పాలా.

ఇప్పుడు బంతి బాలింత. 412 గ్రాములు ఉండేది 327కి వచ్చింది, నడినెత్తిన గుంటలు పడ్డాయి. రోజూ కాల్షియం చుక్కలు, నీరు ఎక్కువగా ఉండే హార్న్‌వార్మ్ పురుగులు, కొత్త ట్యూబ్ కింద ఎండ. పాలకూర మానేశాం, క్యాబేజీ జాతికి చెందిన కొలార్డ్ ఆకు పెడుతున్నాం. ఈ రోజు మూడు పురుగులు తనంతట తనే అందుకుంది. కొన్ని వారాల్లో మళ్ళీ ఒక విడత పెట్టవచ్చన్నారు. తొట్టి అందుకే మా దగ్గరే ఉంచి వెళ్ళారు.

ఆ ఆసుపత్రి వాళ్ళకు ఒకే మాట. రాత్రిళ్ళు కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తామని బోర్డు మీద రాయండి. వణుకుతున్న ప్రాణిని పట్టుకుని నలభై నిమిషాలు కూర్చోవడం ఎలా ఉంటుందో నా కూతురు మొహంలో చూశాను.

అయ్యో, ఆ నంబరు ఇచ్చింది పాప సైన్స్ టీచర్! రాత్రి పదింటికి మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో పంపారు. ఆవిడ లేకపోతే ఇవేవీ లేవు, అసలు మొదట రాయాల్సింది ఆవిడ గురించే. శుక్రవారం ఎక్స్‌రే తీసిన అమ్మాయికి కూడా థాంక్స్, బంతి బెదరకుండా కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. పక్కింటి గుజరాతీ ఆంటీ, మీ వంటింటి త్రాసు ఇంకా మా దగ్గరే ఉంది. కడిగి రేపు పొద్దున్నే తెచ్చిస్తాను.