వెలగపండు పాలవెల్లికే పరిమితం కారాదు

సంపాదకులకు నమస్కారం.

వినాయక చవితికి రెండు రోజుల ముందు గుంటూరు, విజయవాడ బజార్లలో పత్రి పక్కన కుప్పలు పోసి అమ్మే వెలగకాయలు పాలవెల్లికి వేలాడి, పూజ ముగియగానే వాడిన పత్రితోపాటు కాలువ పాలవుతున్నాయి. ఆ తరువాత ఏడాది పొడవునా వెలగ ఊసెత్తేవారు లేరు. వెలగపూడి, వెలగలేరు అంటూ మన ఊళ్ల పేర్లలో వినిపించే ఈ పండు మన ఇళ్లలో తినేవారు లేక కనుమరుగు కావడం నన్ను బాధిస్తోంది.

ఇందుకు చవితి రోజులే ఒక కారణమని నా అభిప్రాయం. అప్పుడు దొరికేవి చాలావరకు పక్వానికి రాని కాయలు కావడంతో, కుతూహలం కొద్దీ పగలగొట్టి రుచి చూసిన పిల్లలకు వగరు, పులుపు తప్ప మరేమీ తెలియదు. వెలగ పక్వానికి వచ్చేది సుమారు అక్టోబరు నుంచి మార్చి వరకు. అడుగు ఎత్తు నుంచి గచ్చు మీద వదిలితే లేతకాయ ఎగిరిపడుతుంది, ముదిరిన కాయ ఎగరదు. అలా ముదిరిన దానిని రెండు వారాలు ఎండలో ఉంచితే గుజ్జు గోధుమరంగుకు తిరిగి కమ్మని వాసన వేస్తుంది. మా చిన్నతనంలో ఆ గుజ్జులో బెల్లం కలిపి మాకు పెట్టి, పెద్దలకు ఎండుమిర్చి, మెంతులు, ఇంగువ వేసి పచ్చడి నూరేవారు.

జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల వెలగ గుజ్జులో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల పీచు, 130 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నాయి. పండ్లలో ఇంతటి మాంసకృత్తులు అరుదు. గుజ్జును గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థం కూడా సమృద్ధిగా ఉన్నందున జామ్, జెల్లీ చక్కగా గట్టిపడతాయి. ఆయుర్వేదంలో జీర్ణకోశ బాధలకు వాడే కపిత్థాష్టక చూర్ణానికి ఆ పేరు వచ్చింది సంస్కృతంలో కపిత్థం అనే ఈ పండు వల్లనే.

ఆకలి తీర్చడంతోపాటు ఆరోగ్యానికి ప్రత్యేకంగా మేలు చేసే ఆహారాన్ని ఇప్పుడు ఫంక్షనల్ ఫుడ్ అంటున్నారు. అటువంటి ఆహారానికి జపాన్ 1991లోనే నిబంధనలు తెచ్చింది; మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చింది. ఆ కోవలో చేరడానికి వెలగకు అర్హత ఉందని నమ్ముతున్నాను. అయితే వెలగ తింటే మధుమేహం పోతుందని చెప్పి అమ్మడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించిన ఫలితం మనుషుల విషయంలో రుజువు కాదు. వైద్యులు రాసిన మందులు మానేసి ఏ పండునూ నమ్ముకోరాదు.

శ్రీలంకలో దీనిని దివుల్ అంటారు. అక్కడ గుజ్జును కొబ్బరిపాలతో కలిపి పానీయంగా తాగుతారు, జామ్ చేసి అమ్ముతారు. మనకు ఆ పని అసాధ్యం కాదు. పెంకు గట్టిది కాబట్టి ముదిరిన కాయ శీతల గిడ్డంగి అవసరం లేకుండానే వారాల తరబడి నిలుస్తుంది. చిక్కల్లా ఆ పెంకును పగలగొట్టి, జిగట గుజ్జు నుంచి గింజలను వేరుచేయడంలోనే ఉంది. ఆ పనికి చవకైన యంత్రాన్ని, నిలవ ఉండే గుజ్జును రూపొందించే బాధ్యతను బాపట్లలోని ఆహార సాంకేతిక కళాశాల తీసుకోవాలని కోరుతున్నాను.

రైతు వెలగ నాటకపోవడానికీ కారణం ఉంది. గింజ నుంచి మొలిచిన మొక్క కాపుకు రావడానికి పదిహేనేళ్ల దాకా పట్టవచ్చు. అంటుమొక్కలు అంతకంటే చాలా ముందే కాస్తాయి. వాటిని వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం సిద్ధం చేసి ఇస్తే, నీటి ఎద్దడిని తట్టుకునే ఈ చెట్టు పల్నాడు మెట్ట పొలాల గట్ల మీద నిలబడగలదు. సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమలకు కేంద్రం 2020లో ప్రారంభించిన పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీని ప్రకటించారు. మహిళా సంఘాలను ఆ దిశగా ప్రోత్సహించవచ్చు. ఈలోగా గుంటూరు, విజయవాడ రైతు బజార్లలోనూ ఈ చలికాలం నుంచే పండిన వెలగకు ఒక్కొక్క దుకాణం కేటాయించాలని మార్కెటింగ్ శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు