ఎస్టెస్ పార్క్‌లో గది తీసుకునేవాళ్లకి

అందరికీ నమస్కారం. అమెరికాలో కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లు చాలామంది దాని పక్కనున్న ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లోనే దిగుతారు కదా, అందుకే మా అనుభవం చెబుతున్నాను. ఆ ఊరే దాదాపు 7,500 అడుగుల ఎత్తులో ఉంది. మొదటి రాత్రి అమ్మకి ఒకటే తలనొప్పి, నిద్ర లేదు. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు గదే అడగండి, నీళ్లు బాగా తాగించండి. నేషనల్ పార్క్‌లో 12,183 అడుగుల ఎత్తు దాకా వెళ్లే ట్రైల్ రిడ్జ్ రోడ్ మీదికి చేరిన రోజే తీసుకెళ్లకండి.

మా లాడ్జిలో హీటర్ రాత్రంతా టకటకమంటూనే ఉంది, గది మాత్రం వేడెక్కలేదు. రిసెప్షన్‌లో ఎవరూ లేరు. రాత్రిపూట ఎవరుంటారో ముందే కనుక్కోండి.

తెల్లారి కర్టెన్ తీస్తే కిటికీ పక్కనే ఎల్క్‌లు (ఒక రకం పెద్ద జింకలు) గడ్డి మేస్తున్నాయి, ముక్కుల్లోంచి ఆవిరి కనబడేంత దగ్గర! అమ్మ తలనొప్పి సంగతే మర్చిపోయింది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మగవి మీదికి రావచ్చు, పిల్లల్ని ఒంటరిగా బయటికి వదలకండి.