చెత్త ఆటోలో సూదులు

సంపాదకులు గారికి,

మా వీధికి చెత్త ఆటోలో వచ్చే అమ్మాయి చేతికి మొన్న ఇన్సులిన్ సూది గుచ్చుకుంది. మిగిలిన అన్నం, డైపర్లతో కలిపి ఎవరో నల్ల కవర్లో కట్టి ఇచ్చారు. "మామూలేనమ్మా" అంటూ చెయ్యి కడుక్కుని పక్కింటికి వెళ్లిపోయింది. అలాంటి సూదితో హెపటైటిస్-బి అనే కాలేయ జబ్బు అంటుకోవచ్చని ఆమెకు తెలియదు. టీకా వేశారా అంటే ఏ టీకా అని అడిగింది.

వాడిన సూదులు ప్రమాదకర చెత్త కిందకి వస్తాయని, విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. కార్మికులకు గ్లౌజులు, బూట్లు, మాస్కులు, రెయిన్ కోట్లు ఇవ్వాలనీ వాటిలో రాశారు. ఈమెకు గ్లౌజులు ఇచ్చారట, పలుచటి రబ్బరువి. పగిలిన గాజు ముక్కకే చిరిగిపోయాయి, ఇక సూదిని ఏం ఆపుతాయి?

తప్పు మాదీ ఉంది. మా ఇంట్లోనూ షుగర్ పేషెంటు ఉన్నారు, నిన్నటిదాకా మేమూ అలాగే పడేశాం. ఇప్పుడు సూదుల్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన 'సూదులు' అని రాసి విడిగా ఇస్తున్నాం. మందమైన గ్లౌజులు, హెపటైటిస్-బి టీకా మాత్రం అధికారులే ఇప్పించాలి.

— ఒక గృహిణి