చిన్నోడికి కూడా చదివి వినిపించు

మ్యూనిక్,
10 నవంబర్ 2024, ఆదివారం.

అమ్మా,

నువ్వు, నాన్న, చిన్నోడు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను, మీ అల్లుడు కులాసా. గోంగూర పచ్చడి సీసా పగలకుండా చేరింది. చలి మొదలైంది, సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతోంది. ఇడ్లీ పిండి పొంగడం లేదని బెంగపడ్డావు కదా, ఓవెన్‌లో లైటు ఒక్కటి వేసి రాత్రంతా లోపల పెడుతున్నాను, ఇప్పుడు బాగానే పులుస్తోంది.

గురువారం ఫోన్లో నువ్వన్న మాటకు అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను, నీ పక్కన తమ్ముడు చిన్నోడున్నాడని ఊరుకున్నాను. ఇది వాట్సాప్‌లో సగం చదివి వదిలేయకు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి నాన్న చేత చదివించుకో. అక్షరాలు పెద్దవి పెట్టాను.

"ఎవరో టెస్టింగ్ అమ్మాయట, మన చిన్నోణ్ని కాల్చుకు తింటోంది, చేసిన ప్రతి పనికీ వంక పెడుతోంది" అన్నావు. అమ్మా, ఆ అమ్మాయి చేసేదీ నేను చేసేదీ ఒకే ఉద్యోగం. వాడు ముందుగదిలో కూర్చుని పని చేస్తాడు కాబట్టి వాడి గొంతే నీకు వినబడింది. అవతల హెడ్‌సెట్ పెట్టుకుని ఆ అరుపులు వింటున్న పిల్ల మొహం నీకు కనబడలేదు. నాకు మాత్రం అప్పట్నుంచీ ఆ పిల్లే మనసులో మెదులుతోంది.

నన్నూ ఇలాగే అంటారేమోనని నీ భయం. నువ్వు అడగలేదు కానీ నాకు తెలుసు. లేదమ్మా. ఇక్కడ మా ఆఫీసులో ఉన్నమాట మొహం మీదే చెబుతారు, గొంతు మాత్రం లేవదు.

పచ్చడి కలిపాక ఉప్పు చూడమని నాన్న అరచేతిలో పెడతావు కదా. తక్కువైందని ఆయనంటే అలుగుతావా? ఇంకాస్త వేస్తావు. మా పని కూడా అంతే. వాడు ప్రోగ్రామ్ రాస్తాడు, జనం చేతికి వెళ్లేలోపు ఎక్కడ తేడా కొడుతుందో ఆ అమ్మాయి చూస్తుంది. అంతకంటే ఆ అమ్మాయికి వాడి మీద పగేమీ లేదు.

నా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. మేం ఆసుపత్రుల్లో నర్సులకు డ్యూటీలు వేసే ప్రోగ్రామ్ చేస్తాం. పిన్ని నైట్ డ్యూటీల కష్టం చూసి పెరిగినదాన్ని, అందుకే ఈ పనంటే నాకు అభిమానం. ఇక్కడ ఏటా అక్టోబర్ ఆఖరి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి గడియారాలు వెనక్కి తిప్పి రెండు చేస్తారు. మార్చి ఆఖరి ఆదివారం రెండును మూడు చేస్తారు. మనకూ ఇక్కడికీ తేడా ఎండాకాలం మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర గంటలు అవడం అందుకే. ఆ అక్టోబర్ రాత్రి తొమ్మిదికి డ్యూటీ ఎక్కి పొద్దున ఆరుకు దిగిన నర్సు నిజానికి పది గంటలు పని చేస్తుంది. వేసవిలోనే టెస్ట్ సర్వర్‌లో తేదీ ముందుకు జరిపి చూశాను. మా ప్రోగ్రామ్ తొమ్మిదే చూపించింది. అంటే ఆవిడ గంట చాకిరీ జీతంలోకి రాదన్నమాట.

ఆ భాగం రాసినాయన నాన్న వయసువాడు. చెబితే "నా దగ్గర సరిగ్గానే వస్తోందే" అన్నాడు. ఈ మాట ఏ దేశం డెవలపరైనా అంటాడు, చిన్నోడూ అంటూనే ఉంటాడు చూడు. నేను వాదన పెట్టుకోలేదు. రెండు కప్పులు టీ తీసుకెళ్లి, ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన స్క్రీన్, నా స్క్రీన్ పక్కపక్కన పెట్టి అదే నర్సుకు అదే డ్యూటీ వేశాం. ఆయన దగ్గర పది, నా దగ్గర తొమ్మిది. ఆయన ల్యాప్‌టాప్ బెర్లిన్ టైమ్‌లో, అంటే ఇక్కడి టైమ్‌లో ఉంది. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో ఉంది. యూటీసీకి గడియారం ముందుకూ వెనక్కీ తిప్పడం ఉండదు. ప్రోగ్రామేమో ఏ మెషీన్ మీద నడిస్తే ఆ మెషీన్ టైమ్‌నే నమ్ముకుంటోంది. అది చూసి ఆయనే ముందు నవ్వాడు. ఏ ఆసుపత్రి టైమ్ జోన్ దానికే విడిగా ఉండేలా మార్చి, నేను అడగకముందే మార్చి నెల రాత్రికి కూడా ఆటోమేటెడ్ టెస్ట్, అంటే దానంతటదే సరిచూసేది, తనే రాశాడు. పోయిన నెల 27న గడియారాలు మారాయి, సోమవారం ఆసుపత్రుల నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఇప్పుడు కొత్త పని మొదలుపెట్టే ముందే ఆయన నన్ను పిలిచి, ఇది ఎక్కడ తేడా కొట్టొచ్చంటావ్ అని అడుగుతున్నాడు. నాకు జీతం పెరిగినప్పటి కంటే ఆ పిలుపే ఎక్కువ సంతోషం.

ఇక్కణ్నుంచి చిన్నోడికి.

ఒరేయ్ చిన్నా, నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. ఆ అమ్మాయి "లాగిన్ పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేసింది. అలా రాస్తే ఎవరికైనా చిరాకే, నేను కాదనను. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏం వచ్చింది, అసలు ఏం రావాలి, ఇవన్నీ ఉండాలి. నేను ఆ గంట సంగతి "గంటల లెక్క తప్పు రాశారు" అని రాయలేదు. "అక్టోబర్ 26 రాత్రి 9 నుంచి 27 ఉదయం 6 వరకు డ్యూటీ వేస్తే 10 గంటలకు బదులు 9 చూపిస్తోంది" అని రాశాను. ఎవరు చేశారన్న ప్రసక్తే అందులో రాదు.

మరి నువ్వు చేసిందేమిట్రా? రీప్రొడ్యూస్ కావడం లేదని, అంటే ఆ తప్పు నీ దగ్గర మళ్లీ రావడం లేదని, తను రాసిన ఫిర్యాదు టికెట్ మూసేశావు. తను మళ్లీ తెరిచింది, నువ్వు మళ్లీ మూశావు. మధ్యలో ఒక్కసారి ఫోన్ చేసి, స్క్రీన్ షేర్ చేసి చూపించండి అని ఉంటే అక్కడితో తేలిపోయేది. ఇంకోటి. శుక్రవారం సాయంత్రం బిల్డ్, అదే పరీక్షించాల్సిన ప్రోగ్రామ్, ఇచ్చి సోమవారం రిలీజ్ అంటే ఆ అమ్మాయికి ఆదివారం ఉండదు. డెవలప్‌మెంట్‌లో ఆలస్యమైన రోజులన్నీ టెస్టింగ్ రోజుల్లోంచే కోస్తారు, ఆ టెన్షన్ మా నెత్తిన పడుతుంది. బిల్డ్ ఇచ్చేటప్పుడు ఏం మార్చావో, నీకే ఎక్కడ అనుమానంగా ఉందో నాలుగు ముక్కలు రాసివ్వు. నీ అనుమానం నిజమే అవుతుంది చాలాసార్లు.

మేనేజర్‌ని మెయిల్‌లో పెట్టి రాసిందని నీ కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది, ముందు నీతో మాట్లాడాల్సింది. కానీ మీ దగ్గర బగ్గులు, అదే ప్రోగ్రామ్‌లో తప్పులు, లెక్కపెడుతున్నారేమో ఒకసారి కనుక్కో. నేను హైదరాబాదులో ముందు పనిచేసిన చోట ఏ టెస్టర్ ఎన్ని బగ్గులు పట్టిందో, ఏ డెవలపర్ పేరు మీద ఎన్ని ఉన్నాయో చార్ట్ వేసి మీటింగ్‌లో చూపించేవారు. అప్పటిదాకా కలిసి మధ్యాహ్నం భోజనం చేసినవాళ్లం విడివిడి బల్లల దగ్గర కూర్చోవడం మొదలైంది. ఒక స్పెల్లింగ్ తప్పును మూడు పేజీల్లో మూడు బగ్గులుగా రాసేవారు కొందరు. ఇది బగ్ కాదు, రిక్వైర్‌మెంట్‌లోనే లేదు అని అవతలివాళ్లు గంటలు గంటలు వాదించేవారు. మనుషులు చెడ్డవాళ్లు కాదు, ఆ చార్ట్ అలా చేసింది. మీకూ అలాంటిది ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లి ఎత్తేయమని అడగండి.

నాన్నకు: అంగారకుడి మీదికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో పోయింది కదా. ఒక జట్టు పౌండ్ల లెక్కలో, ఇంకో జట్టు న్యూటన్ల లెక్కలో చూసుకోవడం వల్ల పోయిందని అందరికీ తెలుసు. దారిలో తేడా ఉందని కొందరు ఇంజనీర్లకు ముందే అనుమానం వచ్చింది, ఆ మాట పద్ధతిగా పైదాకా వెళ్లలేదు. అందుకే నేను నోటితో మాట్లాడినా, తర్వాత రాసి కూడా పెడతాను. ఇది చిన్నోడికి మీరే చెప్పండి, నేను చెబితే అక్క లెక్చర్ అంటాడు.

అమ్మా, మళ్లీ నీ దగ్గరికే వచ్చాను. వాడు మంచివాడే, పని మీద ప్రాణం పెడతాడు కాబట్టే ఎవరైనా తప్పుందంటే గుచ్చుకుంటుంది. నువ్వు మాత్రం ఆ అమ్మాయిని ఏమీ అనకు, వాడి ముందు అసలు అనకు. నువ్వు ఒక మాట తోడిస్తే వాడి కోపానికి ఇంకాస్త బలం వస్తుంది. వాడు నెలకోసారి ఆఫీసుకు వెళ్లేటప్పుడు టీమ్ వాళ్లకని కజ్జికాయలు కడతావు కదా, ఈసారి ఆ అమ్మాయికి విడిగా ఒక పొట్లం కట్టు. వాణ్నే స్వయంగా ఇమ్మను, ఆ టికెట్ సంగతి కూడా అక్కడే కూర్చుని చూసుకోమను.

రేపు సోమవారం, కార్తీకమని పొద్దంతా ఏమీ తినకుండా ఉండొద్దు, షుగర్ మాత్ర వేసుకునేదానివి. పాలూ పండూ తీసుకుంటే శివుడేమీ అనుకోడు. నాన్న మోకాలి ఎక్స్‌రే పంపమంటే ఇంకా పంపలేదు, రేపే పంపండి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి